వెస్టర్న్ సీరియళ్లలోని పగ ఎక్కడి నుంచి వచ్చింది?

1960 జనవరి 16, శనివారం. అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్ ‘బొనాంజా’ అనే వెస్టర్న్ సీరియల్‌లో, అంటే పాతకాలపు పశ్చిమ అమెరికా కథలో, ‘ఎ హౌస్ డివైడెడ్’ అనే ఎపిసోడ్ వేసింది. ఫ్రెడరిక్ కైల్ అనే దక్షిణాది పెద్దమనిషి వర్జీనియా సిటీకి వస్తాడు. అక్కడి గనుల వెండిని, బానిసత్వం కోసం ఉత్తరాదితో అంతర్యుద్ధానికి సిద్ధమవుతున్న దక్షిణాది పక్షానికి చేరవేయాలన్నది అతని పథకం. కార్ట్‌రైట్ ఇంట్లో చిన్నవాడు జో అతని మాటల్లో పడిపోతాడు. పెద్దవాడు ఆడమ్ ఉత్తరాది పక్షం. వీళ్లకు తండ్రి ఒక్కడే, తల్లులు వేరు. ఆడమ్ తల్లిది న్యూ ఇంగ్లండ్, జో తల్లిది న్యూ ఆర్లీన్స్. దేశం చీలిక ఆ ఇంట్లో పుట్టుకతోనే ఉంది. మధ్యలో నలిగిపోయేది తండ్రి బెన్.

ఎపిసోడ్ పేరు 1858లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో లింకన్ చేసిన ప్రసంగాన్ని గుర్తుచేస్తుంది. చీలిన ఇల్లు నిలబడదని, దేశం సగం బానిసత్వంతో సగం స్వేచ్ఛతో ఎల్లకాలం సాగలేదని ఆయన అన్నాడు.

వెండి సంగతి కూడా పూర్తిగా కల్పన కాదు. వర్జీనియా సిటీ దగ్గర కామ్‌స్టాక్ అనే వెండి నిక్షేపం 1859లో బయటపడింది. ఆ ఊరున్న నెవాడాను 1864 అక్టోబర్ 31న రాష్ట్రంగా చేర్చుకున్నారు. లింకన్ రెండోసారి గెలిచిన ఎన్నికకు అప్పటికి ఎనిమిది రోజులే ఉంది. ఆ తొందరలో రాష్ట్ర రాజ్యాంగం మొత్తాన్ని టెలిగ్రాఫ్ తీగ మీద వాషింగ్టన్‌కు పంపారు.

అయితే వెస్టర్న్‌లలో కనిపించే పగకు అసలు వేరు ఇంకా తూర్పున, కాన్సస్-మిస్సోరీ సరిహద్దులో ఉంది. కాన్సస్‌లో బానిసత్వం ఉండాలా వద్దా అన్నది అక్కడ స్థిరపడినవాళ్లే తేల్చుకోవాలని 1854లో చట్టం చేశారు. రెండు పక్షాల జనమూ తుపాకులతో దిగారు. 1856 మే 21న బానిసత్వం కావాలన్న గుంపు, కాన్సస్‌లో అది వద్దన్నవాళ్ల లారెన్స్ ఊరి మీద పడి దోచుకుంది. మూడు రోజులు తిరక్కుండానే బానిసత్వం వద్దన్న జాన్ బ్రౌన్ మనుషులు రాత్రిపూట ఐదుగురిని ఇళ్లలోంచి లాక్కొచ్చి కత్తులతో నరికారు. 1861లో కాన్సస్‌ దళాలు మిస్సోరీలోని ఆసియోలాను తగలబెట్టాయి. 1863 ఆగస్టులో కాన్సస్ సిటీలో ఒక భవనం కూలి, అందులో బందీలుగా ఉన్న, దక్షిణాది గెరిల్లాల ఇళ్ల ఆడవాళ్లలో కొందరు చనిపోయారు. అది జరిగిన వారానికి, ఆగస్టు 21 తెల్లవారుజామున, దక్షిణాది గెరిల్లా నాయకుడు క్వాంట్రిల్ ముఠా లారెన్స్‌లోకి దూసుకొచ్చింది. ఆడవాళ్లను వదిలేసి, 150 మందికి పైగా మగవాళ్లను, అబ్బాయిలను చంపింది. నాలుగు రోజులకు ఉత్తరాది సైన్యం సరిహద్దు కౌంటీల్లోని పల్లెలను ఖాళీ చేయించింది. ఇక్కడ ఎవరికీ శత్రువు ముఖం తెలియకపోవడం లేదు. చంపినవాడిదీ చచ్చినవాడిదీ చాలాసార్లు ఒకే చుట్టుపక్కల.

అంతర్యుద్ధం 1865లో ముగిసినా పగ ఆగలేదు. 1869 డిసెంబర్ 7న మిస్సోరీలోని గాలటిన్ బ్యాంకులో జాన్ షీట్స్ అనే క్యాషియర్‌ను కాల్చి చంపారు. దక్షిణాది మాజీ గెరిల్లా, బందిపోటు జెస్సీ జేమ్స్ ముందుగా పేరుకెక్కింది ఈ కేసుతోనే. యుద్ధంలో తన నాయకుడు బ్లడీ బిల్ ఆండర్సన్‌ను చంపిన దళానికి నాయకత్వం వహించిన శామ్యూల్ కాక్స్ ఇతనేనని హంతకుడు అనుకున్నాడని చెబుతారు. షీట్స్ వేరు, కాక్స్ వేరు. ఐదేళ్లు మోసిన పగ చివరికి ఎవరి మీదో పడింది.

ఇక అరిజోనాలో పోలీసు పని చేసిన వ్యాట్ అర్ప్. 1881 డిసెంబర్‌లో టూంబ్‌స్టోన్‌లో అన్న వర్జిల్ మీద కాల్పులు జరిగి చెయ్యి పాడైంది. 1882 మార్చి 18న తమ్ముడు మోర్గాన్ బిలియర్డ్స్ ఆడుతుండగా వెనక నుంచి కాల్చారు. రెండు రోజులకే టూసాన్ రైల్వే స్టేషన్ దగ్గర అనుమానితుడు ఫ్రాంక్ స్టిల్‌వెల్‌ను వ్యాట్ గుంపు కాల్చి చంపింది. అప్పటికి వ్యాట్ డిప్యూటీ ఫెడరల్ మార్షల్, అంటే కేంద్ర ప్రభుత్వపు పోలీసు అధికారి. జేబుకు బ్యాడ్జి ఉంది, గుండెలో తమ్ముడి చావు ఉంది. అతన్ని పట్టుకోవడానికి కౌంటీ షెరిఫ్ బీహన్ కూడా బ్యాడ్జితోనే మనుషుల్ని వెంటేసుకుని బయల్దేరాడు. చట్టం పేరుతోనే రెండు గుంపులు ఒకే ఎడారిలో తిరిగాయి.

టీవీకి ఇలాంటి ముడిసరుకు ఎంతైనా దొరికింది. 1955 సెప్టెంబర్‌లో నాలుగు రోజుల తేడాతో వ్యాట్ అర్ప్ సీరియల్, డాడ్జ్ సిటీ మార్షల్ కథ ‘గన్‌స్మోక్’ మొదలయ్యాయి. 1958-59 సీజన్లో రేటింగ్స్‌లో మొదటి పది కార్యక్రమాల్లో ఏడు వెస్టర్న్‌లే. ‘గన్‌స్మోక్’ ఏకంగా 20 సీజన్లు నడిచింది. వారం వారం నడిచే కథకు మాత్రం ఒక ఇబ్బంది ఉంది. హీరో వచ్చే వారం కూడా అదే బ్యాడ్జితో, చేతికి పాపం అంటకుండా కనిపించాలి. అందుకే పగను తరచుగా ఆ వారం అతిథి పాత్రకు అప్పగించేవారు. పాత స్నేహితుడో, తోటి సైనికుడో తుపాకీతో ఊళ్లోకి దిగుతాడు. హీరోకు మిగిలేది టెన్షనే. స్నేహితుడి పక్కన నిలబడాలా, చట్టం పక్కనా? ఈ పద్ధతి చాలా గొప్పదని నా అభిప్రాయం. పగ తీర్చుకోవడం కంటే పగబట్టినవాడిని ప్రేమించేవాడి బాధ చూడ్డానికే మనసు ఎక్కువ లాగుతుంది.

కానీ ఆ సీరియళ్లు ఒక విషయంలో అన్యాయం చేశాయి. లింకన్ ప్రసంగంలో ఇల్లు చీలింది బానిసత్వం వల్ల. టీవీలో చాలాసార్లు అది ఇద్దరు అన్నదమ్ముల మాటపట్టింపుగా, రెండు వైపులా సమాన గౌరవం ఉన్న తగాదాగా మారిపోయింది. ‘ది రెబెల్’ లాంటి సీరియల్‌లో దక్షిణాది మాజీ సైనికుడే హీరో. దక్షిణాది స్టేషన్లు, ప్రకటనదారులు నొచ్చుకుంటారన్న భయం ఆనాటి టీవీని బాగా పట్టుకుని ఉండేది. ఎవరి బతుకు కోసం ఆ గొడవంతా జరిగిందో ఆ నల్లజాతి మనుషులు ఈ కథల్లో దాదాపు కనిపించరు.

ఆడమ్, జో పోట్లాడుకున్న ఆ ఎపిసోడ్ వచ్చిన 16 రోజులకు, 1960 ఫిబ్రవరి 1న, నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి కాలేజీ విద్యార్థులు తెల్లవాళ్లకే వడ్డించే లంచ్ కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. కొట్టువాళ్లు ఇవ్వం అన్నారు. కొట్టు మూసేదాకా వాళ్లు అక్కడి నుంచి లేవలేదు.