కంప్యూటర్‌కు అణా తెలుసు, పది పైసలు తెలియవు

మా మామయ్య కిరాణా కొట్టుకు బిల్లింగ్ ప్రోగ్రాం రాసిచ్చిన కొత్తలో, రాత్రి కొట్టు కట్టేసే వేళకు ఫోన్ వచ్చేది. "ఒరేయ్, గల్లాలో డబ్బు లెక్కకు సరిపోయింది. నీ కంప్యూటర్ మాత్రం తేడా ఉందంటూ ఎర్రగా చూపిస్తోంది."

"తేడా ఎంత చూపిస్తోంది మామయ్యా?"

"సున్నా పాయింట్ సున్నా సున్నా."

రెండు రోజులు నాకు నిద్ర పట్టలేదు. తేడా ఉంది, ఆ తేడా సున్నా. ఈ రెండు ముక్కలూ ఒకే తెర మీద ఎలా ఉంటాయి? మూడో రోజు ఆ మొత్తాన్ని రెండు దశాంశ స్థానాలకు కుదించకుండా, ఉన్నదున్నట్టు చూపించమన్నాను. అప్పుడు బయటపడింది. పది పైసల్ని పదిసార్లు కూడితే రూపాయి రావాలి కదా, నా ప్రోగ్రాం దగ్గర 0.9999999999999999 వస్తోంది. తెర మీద చూపేటప్పుడు అది 1.00 అయిపోతుంది. కానీ "ఇది ఒకటికి సమానమా?" అని అడిగితే కాదంటుంది.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష తెరిచి 0.1 + 0.2 ఎంత అని అడగండి, 0.30000000000000004 అంటుంది. జావాస్క్రిప్ట్‌ను అడిగినా, జావాను అడిగినా ఇదే జవాబు. మొదటిసారి చూసినవాళ్లు కంప్యూటర్‌కు కూడికలు రావనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి ఆ కూడికలో పెద్ద తప్పేమీ లేదు. 0.1 అని మనం టైప్ చేసిన క్షణంలోనే, కూడిక మొదలు కాకముందే, గుమ్మం దగ్గరే సంఖ్య మారిపోయింది.

ఎలా మారిందో కాగితం మీద చేసి చూడొచ్చు. ఒక భిన్నాన్ని ద్విసంఖ్యామానంలో, అంటే కంప్యూటర్ వాడే 0, 1 అంకెల్లోనే రాయాలంటే దాన్ని రెట్టింపు చేస్తూ పోవాలి. ఒకటి దాటితే 1 రాసి ఆ ఒకటిని తీసేయాలి, దాటకపోతే 0 రాయాలి. 0.1 రెట్టింపు 0.2, దాటలేదు కాబట్టి 0. తర్వాత 0.4, మళ్లీ 0. తర్వాత 0.8, ఇంకో 0. తర్వాత 1.6, ఒకటి దాటింది, 1 రాసి తీసేస్తే 0.6 మిగిలింది. దాని రెట్టింపు 1.2, మళ్లీ 1, మిగిలింది 0.2. ఈ 0.2 దగ్గరికి మనం ఇందాకే వచ్చాం! ఇక ఇది గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది: 0.000110011001100... ఎన్నటికీ ఆగదు.

బడిలో 1ని 3తో భాగించినప్పుడు 0.333... ఆగకుండా సాగడం మనందరం చూసిందే. 10కి ప్రధాన కారణాంకాలు 2, 5 మాత్రమే కాబట్టి హారంలో 3 ఉన్న భిన్నం దశాంశంలో అంతం కాదు. కంప్యూటర్ లెక్క రెండులో నడుస్తుంది, దానికి 5 కూడా పరాయిదే. పదోవంతు హారంలో ఆ 5 కూర్చుని ఉంది. ఇంకో రకంగా చెప్తాను. ఒక పైసా నుంచి 99 పైసల దాకా ఉన్న మొత్తాలను రూపాయల్లో రాస్తే, కంప్యూటర్‌లో కచ్చితంగా పట్టేవి మూడంటే మూడు: పావలా, అర్ధరూపాయి, ముప్పావలా. మిగతా 96 మొత్తాలూ ఎంతో కొంత తేడాతోనే లోపలికి వెళ్తాయి.

ఇది తెలిసిన రోజు నాకు అణాల లెక్క గుర్తొచ్చింది. 1957 ఏప్రిల్ 1న మన దేశంలో దశాంశ నాణేలు రాకముందు రూపాయికి 16 అణాలు, అణాకు నాలుగు కాణీలు, అంటే రూపాయికి 64 పాత పైసలు. బేడ అంటే రూపాయిలో ఎనిమిదో వంతు. అణా 1/16, కాణీ 1/64. ఈ హారాలన్నీ 2 ఘాతాలే! ఇవాళ్టి కంప్యూటర్‌లో అణా, బేడ, కాణీ వీసమెత్తు తేడా లేకుండా ఇముడుతాయి. అందులో 'పై' అనే చిన్న నాణెం ఒక్కదానికే చోటు దొరకదు, ఎందుకంటే రూపాయికి 192 పైలు, 192లో ఒక 3 దాక్కుని ఉంది.

వీసమెత్తు అన్నాను కదా, ఆ వీసం కూడా పదహారో వంతే. మన పాత లెక్కల పుస్తకాల్లో భిన్నాలు నాలుగు ఆధారంగా నడిచేవి: ముందు పావులు, తర్వాత పావులో పావులు, ఆ తర్వాత దానిలో పావులు. పావుకు ఒక నిలువు గీత ౹, ముప్పావుకు మూడు నిలువు గీతలు ౻. వీసానికి వచ్చేసరికి గీత అడ్డంగా పడుకుంటుంది ౼. మళ్లీ దాని కింది మెట్టులో గీత నిలబడుతుంది. కాబట్టి ౻౼ అని రాస్తే ముప్పావు మీద వీసం, అంటే 13/16. ఈ గుర్తులు 2008లో యూనికోడ్‌లో కూడా చేరాయి. పద్దులు రాసిన ఆ కరణాలు ద్విసంఖ్యామానానికి ఎంత దగ్గరగా ఉన్నారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అణాల నుంచి నయా పైసలకు మారినప్పుడు సరిగ్గా ఈ చిక్కే, తలకిందులుగా, జనానికి ఎదురైంది. అణా అంటే ఆరుంపావు నయా పైసలు. పావు పైసా నాణెం లేదు కాబట్టి అణాకు 6 లెక్క కట్టారు. మూడు అణాలంటే 18.75, అది 19. మూడు ఆర్లు మాత్రం 18. అణా చొప్పున మూడుసార్లు ఇస్తే ఒక లెక్క, మూడణాలు ఒకేసారి ఇస్తే ఇంకో లెక్క. పైథాన్‌లో 0.1ని మూడుసార్లు కూడితే 0.3 రాకపోవడమూ అచ్చం ఇదే. ఒక్కొక్క ముక్కనీ ముందు సవరించి తర్వాత కూడటం వేరు, కూడాక ఒకేసారి సవరించడం వేరు.

మరి ఆగని సంఖ్యను కంప్యూటర్ ఎక్కడ ఆపుతుంది? 1985 దాకా ఒక్కో కంపెనీ యంత్రం ఒక్కో చోట, ఒక్కో రకంగా ఆపేది. ఒకే ప్రోగ్రాం రెండు యంత్రాల్లో రెండు జవాబులిచ్చేది. ఆ ఏడాది ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంఘం తెచ్చిన 754 ప్రమాణం దీన్ని ఒక దారికి తెచ్చింది. దాని వెనకున్న ప్రధాన వ్యక్తి బర్క్‌లీ ప్రొఫెసర్ విలియం కహాన్, ఆయనకు 1989లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. మనం రోజూ వాడే 64 బిట్ల (0 గానీ 1 గానీ పట్టే గడుల) సంఖ్యలో అసలు అంకెలకు 53 బిట్ల చోటు దక్కుతుంది. అంతలో పట్టే సంఖ్యల్లో, మనం అడిగినదానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నదాన్ని పెట్టుకోవాలి. 0.1కి అలా దొరికిన పొరుగు సంఖ్య ఇది:

3602879701896397 / 36028797018963968

హారాన్ని ఒకసారి పట్టి చూడండి. లవాన్ని పదితో గుణిస్తే 36028797018963970 వస్తుంది. హారం దానికన్నా రెండే తక్కువ. మూడు వందల అరవై కోట్ల కోట్ల మీద రెండు! మా మామయ్య రాత్రిపూట ఫోన్ చేయడానికి కారణం ఆ రెండే.

ఇంత చిన్న తేడాతో కొంపలేమీ మునగవు అనుకోవచ్చు. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో నిజంగానే మునిగాయి. శత్రు క్షిపణులను గాల్లోనే కూల్చే అక్కడి పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ గడియారం సెకనులో పదోవంతులను లెక్కపెట్టేది. సెకన్లు కావాలంటే ఆ లెక్కను 0.1తో గుణించాలి. 24 బిట్ల చోటులో ఆ 0.1ని తెగ్గొట్టి పెట్టడంతో, ప్రతి పదోవంతుకూ దాదాపు 0.000000095 సెకను తరుగు పడేది. యంత్రం వంద గంటలుగా ఆపకుండా నడుస్తోంది. వంద గంటల్లో పదోవంతులు 36 లక్షలు. గుణిస్తే 0.34 సెకను. ఆ కాస్త సేపట్లో శత్రువు వదిలిన స్కడ్ క్షిపణి అర కిలోమీటరుకు పైగా దూసుకుపోతుంది. పేట్రియాట్ తప్పు చోట వెతికింది. ఆ స్కడ్ పడి 28 మంది అమెరికా సైనికులు చనిపోయారు. సరిచేసిన సాఫ్ట్‌వేర్ అక్కడికి చేరింది మర్నాడు. అది తలుచుకున్నప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్చేంజ్ కథలో ప్రాణాలు పోలేదు గానీ, పాఠం మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. 1982 జనవరిలో 1000 దగ్గర మొదలైన సూచీని రోజుకు వేలసార్లు లెక్కగట్టేవారు. ప్రతిసారీ మూడో దశాంశం తర్వాత ఉన్నదాన్ని దగ్గరి విలువకు సవరించకుండా కత్తిరించేశారు. కత్తిరింపు ఎప్పుడూ కిందికే లాగుతుంది. 1983 నవంబరుకు సూచీ 524.811కి దిగింది. సరిగ్గా లెక్కేస్తే వచ్చింది 1098.892. ఐఈఈఈ ప్రమాణం దగ్గరి సంఖ్యకు సవరిస్తుంది, సరిగ్గా మధ్యలో పడితే చివరి బిట్ సరి సంఖ్యగా ఉన్న వైపుకు జరుపుతుంది. తప్పులు ఒకే దిక్కుకు పోగుపడకుండా ఈ జాగ్రత్త.

ఇక నాకు ఎక్కువ ఇష్టమైన భాగం. లోపలికి వెళ్లిన సంఖ్యను మళ్లీ భిన్నంగా, అంటే అకరణీయ సంఖ్యగా బయటికి తీయమంటే ఏమిస్తుంది? దీనికి నిజాయతీగా రెండు జవాబులున్నాయి. "లోపల ఏముందో అది ఇవ్వు" అంటే పైన రాసిన పొడవాటి భిన్నం. "నా మనసులో ఏముందో అది ఇవ్వు" అంటే 1/10. రూబీ భాషలో రెండిటికీ విడివిడి పేర్లున్నాయి: టు-ఆర్ అంటే మొదటిది, రేషనలైజ్ అంటే రెండోది. లిస్ప్‌లోనూ ఈ జంట ఉంది. పైథాన్‌లో భిన్నాలు తయారుచేసే ఫ్రాక్షన్‌కు 0.1ని సంఖ్యగా ఇస్తే పొడవాటి భిన్నం, కొటేషన్ల మధ్య '0.1' అని పెట్టి ఇస్తే పదోవంతు. ఆ కొటేషన్ల విలువ తెలియక చాలామంది పొరబడతారు. సంఖ్యగా రాస్తే ఫ్రాక్షన్ చేతికి అందేలోపే అది మారిపోయి ఉంటుంది.

మనసులోని సంఖ్యను యంత్రం ఎలా కనిపెడుతుంది? మనం హైస్కూల్లో గ.సా.భా. కోసం చేసిన భాగహార పద్ధతితోనే. హారాన్ని లవంతో భాగించు, శేషంతో మళ్లీ భాగించు, అలా పోతూ ఉండు. ఆర్యభటుడి కుట్టకం వెనకున్నదీ ఈ పరస్పర భాగహారమే. మన పొడవాటి భిన్నానికి చేసి చూస్తే వరుసగా వచ్చే భాగఫలాలు: 9, 1, 1801439850948197, 2. తొమ్మిది, ఒకటి, ఆ తర్వాత ఒక్కసారిగా 16 అంకెల కొండ! ఆ కొండ కనిపించిందంటే అక్కడికి శేషం దాదాపు సున్నా అయిపోయిందన్నమాట. దాని ముందే ఆగిపోతే 9 మీద 1 కలిసి 10, మన భిన్నం 1/10. దుమ్ము దులిపితే అసలు సంఖ్య బయటపడింది. వృత్తాల లెక్కలో వచ్చే 'పై'కి (π) ఇదే చేస్తే 3, 7, 15, 1, 292 వస్తాయి. 7 దగ్గర ఆగితే 22/7, 292 ముందు ఆగితే 355/113.

అయితే అన్ని లెక్కలూ భిన్నాల్లోనే చేస్తే ఈ గొడవే ఉండదు కదా? రాకు అనే భాష దాదాపు అలాగే చేస్తుంది, అందులో 0.1 + 0.2 అచ్చంగా 0.3 అవుతుంది. చిక్కేమిటంటే భిన్నాలు బలిసిపోతాయి. 1 నుంచి 1/10 దాకా కూడితే 7381/2520. 1/100 దాకా పోతే హారానికి 40 అంకెలు. వాతావరణ అంచనా లాంటి కోట్ల లెక్కల్లో ఇది నడవదు. రాకు కూడా హారం 64 బిట్లు దాటగానే ఇందాకటి 53 బిట్ల ఉజ్జాయింపు పద్ధతి, అంటే ఫ్లోటింగ్ పాయింట్‌లోకి దిగిపోతుంది.

మామయ్య ప్రోగ్రాంను నేను పైసల్లోకి మార్చాను. అంతా పూర్ణాంకాలే: పది రూపాయలంటే 1000. ఎర్ర గీత మాయమైంది. నెల తిరక్కుండా ఇంకో ఫోన్. "వంద రూపాయల బాకీని మూడు వాయిదాలు చేస్తే ఒక పైసా తగ్గుతోందిరా." 10000ను 3తో భాగిస్తే 3333, శేషం 1. ఈసారి గుమ్మం దగ్గర ఏమీ పోలేదు, లెక్కంతా కచ్చితమే. ఆ మిగిలిన పైసా ఏ వాయిదాలో వేయాలో మాత్రం భాగహారం చెప్పదు, మనమే చెప్పాలి. మామయ్యను అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "చివరి దాంట్లో వెయ్యి" అన్నారు. అప్పటి నుంచి ఆ కొట్టులో వాయిదాలు 33.33, 33.33, 33.34.