పొలమారిన పల్లీ ఎటు పోయింది?

"ఒకే చోటికి మళ్లీ మళ్లీ న్యుమోనియా ఎందుకొస్తోంది?" బర్కత్‌పురాలో మా పక్క ఫ్లాట్ ఆవిడ అడిగారు. రెండున్నరేళ్ల పాపకు మూడు నెలల్లో రెండోసారి. రెండుసార్లూ కుడి ఊపిరితిత్తి కింది భాగమే. కొత్త డాక్టరుగారు ఎదురు ప్రశ్న వేశారట: "పాపకు ఎప్పుడైనా గట్టిగా పొలమారిందా?" అప్పుడు గుర్తొచ్చింది. పల్లీలు తింటూ ఉక్కిరిబిక్కిరైంది, దగ్గింది. నాయనమ్మ నెత్తిన తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అంది. కాసేపటికి పాప మళ్లీ ఆటలో పడింది.

శ్వాసనాళం చీలే చోట కుడి కొమ్మ వెడల్పుగా, పొట్టిగా, నిటారుగా ఉంటుంది. దారి తప్పిన గింజ ఎక్కువగా అటే జారుతుంది.

అసలు విశేషం ఆ తర్వాతే. సైకిల్ ట్యూబు వాల్వు చూడండి, పంపు కొడితే గాలి లోపలికి పోతుంది, వెనక్కి రాదు. ఇరుక్కున్న పల్లీ కూడా అంతే. ఊపిరి పీల్చినప్పుడు నాళం కాస్త విచ్చుకుని, గింజ పక్క సందులోంచి గాలి దూరుతుంది. వదిలినప్పుడు నాళం ముడుచుకుని గింజను బిగించేస్తుంది. ఇలా శ్వాస శ్వాసకూ పంపు కొట్టినట్టు ఆ వైపు ఉబ్బుతుంది. పల్లీ నాణెంలా ఎక్స్‌రేలో కనబడదు. కానీ ఊపిరి వదిలినప్పుడు తీసిన ఎక్స్‌రేలో ఒక వైపు తగ్గి, రెండో వైపు ఉబ్బే ఉండి, గుండె పక్కకు జరిగి కనిపిస్తే అనుమానించాల్సిందే.

రోజులు గడిచేకొద్దీ పల్లీ తేమకు నాని ఉబ్బుతుంది, దాని నూనెకు నాళం గోడ వాస్తుంది. వాల్వు కాస్తా బిరడా అవుతుంది. లోపల చిక్కిన గాలిని రక్తం పీల్చేసుకోగా ఆ భాగం ముడుచుకుపోతుంది. మామూలుగా కఫాన్ని పైకి నెట్టే సూక్ష్మ కేశాలకు దారి లేదు. నిలిచిన కఫంలో బాక్టీరియా పెరుగుతుంది. యాంటీబయాటిక్ దాన్ని చంపుతుంది, బిరడాను కదపలేదు. అందుకే జబ్బు తిరిగొస్తుంది.

నెత్తిన తట్టడం ప్రేమే, కాదనను. కానీ దగ్గు ఆగినంత మాత్రాన గింజ బయటపడినట్టు కాదు. అది ఒకచోట కుదురుకున్నాక అక్కడి నరాలు అలవాటుపడి ఊరుకుంటాయి. ఆ నిశ్శబ్దమే నాకు భయం.

1897లో జర్మనీలో గుస్తావ్ కిలియన్ అనే వైద్యుడు ఒక రైతు శ్వాసనాళంలోంచి పంది ఎముక ముక్కను గొట్టంతో తీశాడు. పాపకూ మత్తు ఇచ్చి, బ్రాంకోస్కోపుతో, అంటే శ్వాసనాళంలోకి దించి చూసే గొట్టంతో, అలాగే తీశారు. వాళ్లమ్మ ఫోన్‌లో ఫొటో చూపించారు: స్టీలు ట్రేలో, పొట్టు ఊడి, తెల్లగా నానిన అర బద్ద. ఇప్పుడు ఆ ఇంట్లో పల్లీలు పొడి చేశాకే పాప కంచంలోకి వస్తున్నాయి.