ఆరుద్ర మసకబారిన మాఘం

మా అనంతపురం పల్లెల్లో ఆరుద్ర అంటే ముందు కార్తె, తర్వాతే చుక్క. జూన్ చివర్లో వాన పడితే చేలల్లో ఎర్ర మఖమల్ తునకల్లాంటి ఆరుద్ర పురుగులు పాకుతాయి, శెనక్కాయ విత్తడానికి అందరూ పరుగులు పెడతారు. అప్పుడు ఆ చుక్క మాత్రం కనబడదు, సూర్యుడు దాని వైపే ఉంటాడు కనుక. చూడాలంటే మాఘం చలిలో మిద్దె ఎక్కాలి.

2020 ఫిబ్రవరిలో నేను ఎక్కినప్పుడు నడినెత్తిన ఓరియన్ ఉంది, వేటగాడి ఆకారంలో కనబడే చుక్కల గుంపు. వరసగా ఉండే మూడు చుక్కలకు ఉత్తరాన రెండు భుజాలు. తూర్పు భుజం ఆరుద్ర, అంటే బెటెల్‌గ్యూస్. మామూలుగా పడమటి భుజానికి రెండు మూడింతలు వెలిగేది, ఆ రాత్రి దానికి సమానంగా నిలిచింది. మనసు కలుక్కుమంది.

అది ముసలి నక్షత్రం. సూర్యుడి చోట పెడితే కుజుడి కక్ష్యను కూడా మింగేంత ఉబ్బింది. అంత ఉబ్బిన ఒంటికి పైపొరల మీద పట్టు ఉండదు. సుమారుగా మూడేళ్లకు ఒక భూమి బరువంత వాయువు దాన్నుంచి గాలిలా వెళ్లిపోతుంది. మన సూర్యుడి గాలికి అంత పోవాలంటే దాదాపు 15 కోట్ల ఏళ్లు కావాలి.

చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్ 2019 జనవరిలో, మళ్లీ డిసెంబరులో దాన్ని చిత్రించింది. రెండోసారి దక్షిణ భాగం నల్లబడి ఉంది. అంతకు కొద్ది నెలల ముందే దట్టమైన వేడి వాయువు అటునుంచి బయటికి రావడాన్ని అంతరిక్షంలో తిరిగే హబుల్ టెలిస్కోప్ పట్టుకుంది. ఆ వాయువు చల్లారి ధూళిగా మారి మనకు అడ్డొచ్చిందని శాస్త్రవేత్తలు తేల్చారు.

మీరా లాంటి ముసలి నక్షత్రాల్లో ఈ ధూళికి ఇంకో పని కూడా ఉంది. ఉరవకొండ వైపు గాలిమరలు చూడండి: రెక్క ఉంటేనే గాలి దేన్నైనా తోయగలదు. నక్షత్రపు వెలుగుకు ధూళి రేణువే రెక్క. నక్షత్రం ఉబ్బి తగ్గుతూ వాయువును పైకెత్తుతుంది, అక్కడ రేణువులు పుడతాయి, వెలుగు వాటిని నెడుతుంది, అవి చుట్టూ ఉన్న వాయువును వెంట లాక్కుపోతాయి. అలా మీరా వదిలిన పదార్థం 13 కాంతి సంవత్సరాల తోకై సాగడం 2007లో బయటపడింది. ఆరుద్రలో మాత్రం ఆ మొదటి ఎత్తు ఎక్కణ్ణుంచి వస్తుందో ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

ఏప్రిల్‌కల్లా అది మళ్లీ పాత వెలుగుకు వచ్చింది. దాని వెలుగు మన దాకా రావడానికి వందల ఏళ్లు పడుతుంది కనుక, నేను మిద్దె మీంచి చూసిన ఆ ధూళి మబ్బు నిజానికి లేచింది ఇంచుమించు విజయనగర రాజుల కాలంలో.