కైట్‌సర్ఫింగ్ నేర్చుకునేవాళ్లకి బోర్డు సైజు: అపోహలు - వాస్తవాలు

కైట్‌సర్ఫింగ్ అంటే పెద్ద గాలిపటం (కైట్) లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్లపై జారుకుంటూ పోవడం.

అపోహ: పొడుగు మనిషికి పొడుగు బోర్డు.

వాస్తవం: ఎత్తుతో స్ట్రాప్‌ల (బోర్డు మీద పాదాలు దూర్చే పట్టీల) మధ్య దూరం మారుతుంది, అంతే. నీళ్ల మీద తేలాల్సింది మీ బరువు. 15–20 నాట్స్ గాలికి (గంటకు సుమారు 28–37 కి.మీ.), మామూలు ట్విన్‌టిప్ (రెండు చివర్లూ ఒకేలా ఉండే) బోర్డైతే, 60 కిలోల లోపు వాళ్లకి 135–138 సెం.మీ., 75 కిలోల దాకా 138–142, 90 దాకా 142–150 చూసుకోండి.

అపోహ: చిన్న బోర్డు చెప్పినట్టు వింటుంది, నేర్చుకోవడానికి అదే మేలు.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. వాటర్‌స్టార్ట్‌లో, అంటే నీళ్లలోంచి బోర్డు మీదికి లేచి బయల్దేరేటప్పుడు, ఏం జరుగుతుందో చూడండి. కైట్ నెత్తి మీద, పాదాలు స్ట్రాప్‌లలో, మోకాళ్లు ముడుచుకుని ఉంటారు. కుడివైపు వెళ్లాలంటే కైట్‌ని గడియారంలో (నెత్తి మీద 12 అనుకుంటే) 11 నుంచి 1 వైపుకి ఒక్క ఊపులో తిప్పాలి. 142×42 (పొడవు×వెడల్పు, సెం.మీ.లలో) బోర్డు ఆ లాగుడుకే జారడం మొదలెడుతుంది. అదే 75 కిలోల మనిషి 130×38 ఎక్కితే, లేచి రెండు మీటర్లు పోగానే బోర్డు వెనక చివర మునిగి కూలబడతాడు. మళ్లీ కైట్‌ని ఇంకా గట్టిగా తిప్పుతాడు, ఈసారి బోర్డు మీంచి ముందుకి ఎగిరి పడతాడు. లోపం కైట్‌లో ఉందనుకుని 10 చదరపు మీటర్ల కైట్ వదిలి 12ది అడుగుతాడు. కొత్తవాళ్ల చేతిలో అవసరానికి మించిన కైట్ నిజంగా ప్రమాదం. బోర్డు మారిస్తే సరిపోయే పని అది.

అపోహ: అయితే ఎంత పెద్దదైతే అంత మంచిది.

వాస్తవం: 160×45 బోర్డు 12 నాట్స్ గాలిలో హాయిగా పోతుంది. గాలి 20 దాటితే మడమలతో ఎంత నొక్కినా దాని అంచు నీళ్లలో దిగదు. గాలివాలుకి కొట్టుకుపోతారు, చిన్న అలలకే మోకాళ్లు అదిరిపోతాయి.

అపోహ: పొడవు చూస్తే చాలు.

వాస్తవం: 140×42 ని, 147×40 ని గుణించి చూడండి, రెండూ 5,880. ఇక్కడ వెడల్పులో 2 సెం.మీ. అంటే పొడవులో 7 సెం.మీ. లెక్క. బోర్డుని చదునైన నేల మీద పెట్టి చివర్లు ఎంత లేచాయో కూడా చూడండి. తక్కువ లేచినది తొందరగా జారడం మొదలెడుతుంది.

అపోహ: క్లాసుకి ముందే బోర్డు కొనుక్కోవాలి.

వాస్తవం: రామేశ్వరంలోనైనా, శ్రీలంకలోని కల్పిటియలోనైనా స్కూలు వాళ్లే బోర్డు ఇస్తారు. ముందు దాని మీద లేవండి. రెండు వైపులా వెళ్లి, బయల్దేరిన చోటికే తిరిగి రాగలిగాక కొనండి. రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే పెద్దదే తీసుకోండి. గాలి మందగించిన రోజు, ఒడ్డు వెంట బోర్డు మోసుకుంటూ నడిచే పని తప్పుతుంది.