శివారులో చవక, సిటీలో ఇరుకు: ఇల్లు వెతికేవాళ్ళ అపోహలు, నా లెక్కలు

నా పని రవాణా ప్రణాళిక. నగరంలో ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ వేళకి, దేని మీద వెళ్తున్నారో లెక్క తీయడం, ఆ లెక్కని బట్టి రోడ్లూ బస్సు రూట్లూ ఎలా ఉండాలో చెప్పడం. ఈ సంగతి తెలిసిన బంధువులూ స్నేహితులూ ఇల్లు మారాలనుకున్నప్పుడల్లా ఫోన్ చేసి ఒకటే అడుగుతారు, సిటీలోనే ఉండాలా, శివారుకి వెళ్ళిపోవాలా అని. నేను ఎదురు అడిగేదీ ఒకటే: మీ ఇంట్లో బండి నడపనివాళ్ళు ఎంతమంది? ఇదేం ప్రశ్న అన్నట్టు అవతల కాసేపు మాట ఉండదు. దాని సంగతి కింద చెప్తాను, ముందు రోజూ వినే మాటలతో మొదలుపెడదాం.

అపోహ: శివారులో ఇల్లు చవక

ఇంటి ధర ఒక్కటే చూస్తే నిజమే. కానీ ఆ ధర ఎందుకు తగ్గిందో చూడాలి. 1826లోనే జర్మనీలో వాన్ థ్యూనెన్ అనే భూస్వామి పొలాల విషయంలో దీన్ని లెక్క కట్టి చెప్పాడు: మార్కెట్‌కి దూరం పెరిగేకొద్దీ సరుకు చేరవేసే ఖర్చు పెరుగుతుంది, ఆ మేరకు కౌలు తగ్గుతుంది. 1964లో విలియం అలాన్సో అనే ఆర్థికవేత్త ఇదే ఆలోచనని నగరాల్లోని ఇళ్ళకీ ఆఫీసులకీ పట్టించాడు. అంటే శివారులో ఎవరూ మీకు తగ్గించి అమ్మడం లేదు. ప్రయాణం ఖర్చు మీరే విడిగా, రోజూ కొంచెం కొంచెంగా కట్టుకుంటారు కాబట్టి దాన్ని నేల ధరలోంచి ముందే తీసేశారు, అంతే.

ఆ రోజువారీ కట్టుబడి ఎంతో వేసి చూద్దాం. సిటీలో ఉంటే ఆఫీసుకి 25 నిమిషాలు, శివారు నుంచి 75 నిమిషాలు అనుకోండి. తేడా ఒక వైపుకి 50, రానూపోనూ 100 నిమిషాలు. ఏడాదికి 240 పనిరోజులైతే 400 గంటలు, ఎనిమిది గంటల పనిదినాల్లో చెప్పాలంటే 50 రోజులు. ఏటా 50 రోజులు జీతం లేకుండా స్టీరింగ్ పట్టుకోవడమో, కడ్డీ పట్టుకుని నిలబడడమో చేస్తారన్నమాట. దీని మీద ఇంధనం, ఇంకో బండి, దాని బీమా, రిపేర్లు. బ్యాంకు వాయిదా కాగితం మీద కనబడుతుంది కాబట్టి పదిసార్లు చూసుకుంటాం, ఇవి విడివిడిగా పోతాయి కాబట్టి ఎవరూ కూడిక వేసుకోరు.

పెద్ద ఇంట్లో దొరికే హాయి ఆ ప్రయాణానికి సరిపోతుంది కదా అంటారు. సిద్ధాంతం ప్రకారం సరిపోవాలి. కానీ అలాయిస్ స్టుట్జర్, బ్రూనో ఫ్రే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు జర్మనీలోని కుటుంబాల సమాచారం తీసుకుని చేసిన పరిశోధన (2008లో అచ్చయింది) ప్రకారం, ఎక్కువ దూరం రోజూ తిరిగేవాళ్ళు తమ జీవితం పట్ల తక్కువ తృప్తితో ఉన్నారు. ఇంటి వల్లో జీతం వల్లో వచ్చే లాభం ఆ లోటు తీర్చడం లేదు. నాకిందులో ఆశ్చర్యం లేదు. అదనపు గదికి నెల రోజుల్లో అలవాటు పడిపోతాం, ట్రాఫిక్‌కి మాత్రం అలవాటు పడం, ఎందుకంటే అది రోజూ కొత్తగా విసిగిస్తుంది.

అయితే ఒక మాట. ఇంటి నుంచే పని చేసేవాళ్ళకీ, శివారులోనే ఉద్యోగం ఉన్నవాళ్ళకీ శివారు నిజంగానే చవక. దూరం ఖర్చు పడనప్పుడు తగ్గిన ధర అంతా మిగులే.

అపోహ: ఎంత, ఇరవై కిలోమీటర్లే కదా, అరగంట!

ఇళ్ళకి వెళ్ళి సర్వే చేసేటప్పుడు నిన్న ఎక్కడికి వెళ్ళారు, ఎన్నింటికి బయల్దేరారు, ఎన్నింటికి చేరారు అని అడుగుతాం. విడిగా "ఆఫీసుకి ఎంతసేపు పడుతుంది?" అని అడిగితే ఒక జవాబు వస్తుంది, చేరిన టైములోంచి బయల్దేరిన టైము తీసేసి చూస్తే ఇంకో జవాబు. అబద్ధం చెప్తారని కాదు, ఎప్పుడో ఒక్కసారి అన్ని సిగ్నళ్ళూ పచ్చగా దొరికిన రోజు ఉంటుంది చూడండి, అదే మనసులో ముద్రపడిపోతుంది. ఇల్లు చూడడానికి వెళ్ళేది ఎప్పుడు? సెలవురోజు పొద్దున. ఇక అరగంట పట్టక ఏం పడుతుంది.

ఇటలీ శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి 1994లో రాసిన వ్యాసం మా రంగంలో తెగ వాడతాం. మనుషులు సగటున రోజుకి గంట సేపు ప్రయాణానికి పెడతారని, నడిచే కాలంలోనైనా రైళ్ళొచ్చాకైనా అది పెద్దగా మారలేదని, వేగం పెరిగితే మిగిలిన సమయంతో ఇంకాస్త దూరంలో కాపురం పెడతారని దాని సారాంశం. అది సగటు మాత్రమే, అందరూ అంతే అని కాదు. కానీ గంట దాటి రెండు గంటలైతే నిద్ర, వంట, పిల్లలతో గడిపే సమయం, వీటిలో ఏదో ఒకటి కోతపడడం మాత్రం సర్వేల్లో చూస్తూనే ఉంటాను. ఇంకొకటి, సగటు టైమ్ చూసుకుని మోసపోకండి. పది రోజుల్లో అన్నిటికంటే దరిద్రమైన రోజు ఎంత పట్టిందో చూడండి. పిల్లాణ్ణి బడి నుంచి తీసుకురావాల్సినవాళ్ళు ఆ చెత్త రోజుని దృష్టిలో పెట్టుకునే ప్రతిరోజూ బయల్దేరాలి.

అపోహ: కొత్త రోడ్డు పడుతోంది, అది వస్తే అంతా సర్దుకుంటుంది

సర్దుకుంటుంది, కొన్నాళ్ళు. ఆంథనీ డౌన్స్ అనే అమెరికా ఆర్థికవేత్త 1962లోనే చెప్పాడు: రద్దీ ఉన్న రోడ్డుని వెడల్పు చేస్తే పక్క దారుల్లో వెళ్ళేవాళ్ళు దీని మీదకి వస్తారు, ముందో వెనకో బయల్దేరేవాళ్ళు మళ్ళీ రద్దీ వేళకే వస్తారు, బస్సూ రైలూ ఎక్కేవాళ్ళు బండి తీస్తారు. వీళ్ళంతా కలిసి దాన్ని మళ్ళీ నింపేస్తారు. అమెరికాలో హ్యూస్టన్ నగరపు కేటీ ఫ్రీవే విస్తరణ 2008లో పూర్తయింది, సర్వీసు రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 వరసలు! కొన్నేళ్ళకే రద్దీ వేళ ప్రయాణ సమయం మళ్ళీ పెరిగింది. డురాంటన్, టర్నర్ అనే ఆర్థికవేత్తలు 2011లో అమెరికా నగరాల లెక్కలు చూసి, హైవే వరసల మొత్తం పొడవు ఎంత శాతం పెరిగితే వాటి మీద తిరిగే బండ్ల కిలోమీటర్లూ దాదాపు అంతే శాతం పెరుగుతున్నాయని తేల్చారు. పైగా కొత్త రోడ్డు చూసి శివారుకి వచ్చేది మీరొక్కరే కాదు. మీలాగే అనుకున్న ఇంకో పదివేల కుటుంబాలూ అదే రోడ్డెక్కుతాయి. తిలాపాపం తలా పిడికెడు.

అపోహ: సిటీలో పొగ, శివారులో స్వచ్ఛమైన గాలి

సగం నిజం. సిటీయా శివారా అన్నదానికంటే పెద్ద రోడ్డుకి ఎంత దూరంలో ఉన్నారన్నది ముఖ్యం. హెల్త్ ఎఫెక్ట్స్ ఇన్‌స్టిట్యూట్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2010లో వేసిన నివేదిక ప్రకారం వాహనాల కాలుష్యం ఎక్కువగా తగిలేది రద్దీ రోడ్డు నుంచి 300 నుంచి 500 మీటర్ల లోపు. శివారులో హైవే పక్క అపార్ట్‌మెంట్ కంటే సిటీలో లోపలి వీధిలోని ఇల్లే నయం కావచ్చు. ఇంకో తమాషా, నేల దగ్గర ఏర్పడే, ఊపిరికి హాని చేసే ఓజోన్ నగరం నడిబొడ్డులో కంటే సిటీ గాలి కొట్టుకెళ్ళే వైపున్న శివార్లలో తరచూ ఎక్కువ ఉంటుంది. బండ్ల పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ నడిబొడ్డులో ఆ ఓజోన్‌ని తినేస్తుంది. అక్కడి కాలుష్యం గాలికి కొట్టుకొచ్చి ఎండకి ఉడికి బయట ఓజోన్‌గా మారుతుంది.

వేడి విషయంలో మాత్రం శివారుకే మార్కులు. కాంక్రీటు పగలంతా వేడి పీల్చుకుని రాత్రి వదులుతుంది. మబ్బులకి సిర్రస్, క్యుములస్ అని పేర్లు పెట్టిన ల్యూక్ హోవర్డ్ రెండు వందల ఏళ్ళ కిందటే లండన్‌లో ఇది కొలిచాడు, రాత్రిళ్ళు చుట్టుపక్కల పల్లెల కంటే నగరం వెచ్చగా ఉందని.

అపోహ: పిల్లలకీ పెద్దవాళ్ళకీ శివారే మంచిది

ఇదిగో, మొదట్లో నేనడిగిన ప్రశ్న ఇక్కడికొచ్చింది. శివారుకి వెళ్దామని నిర్ణయించేది చాలా ఇళ్ళలో బండి తాళం చేతిలో ఉన్న మనిషి. ఆ మనిషికి దూరం అంటే విసుగు, మిగతావాళ్ళకి దూరం అంటే ఆగిపోవడం. పదేళ్ళ పిల్లకి ఆడుకోవడానికి చోటు దొరుకుతుంది, నిజమే. ఆ పిల్లకే పద్నాలుగేళ్ళు వచ్చేసరికి లైబ్రరీకి, ట్యూషన్‌కి, స్నేహితురాలి ఇంటికి, ప్రతిదానికీ ఎవరో ఒకరు దింపాలి. పెద్దాయనకి నిశ్శబ్దం దొరుకుతుంది, కానీ మందుల షాపుకి ఒంటరిగా వెళ్ళలేడు. కళ్ళు మసకబారి డ్రైవింగ్ మానేసిన రోజు నుంచి ఆయన ప్రపంచం గేటు దగ్గర ఆగిపోతుంది. సర్వేలో "నిన్న ఎక్కడికీ వెళ్ళలేదు" అని రాసుకోవాల్సి వచ్చేది ఎక్కువగా ఇలాంటివాళ్ళ గురించే.

బస్సుంది కదా అంటారు. మ్యాప్‌లో బస్సు రూటు గీత ఉంటే బస్సున్నట్టు కాదు, ఎన్ని నిమిషాలకొకటి అన్నదే చూడాలి. ఆరు నిమిషాలకొకటైతే సగటున మూడు నిమిషాల నిరీక్షణ, అరగంటకొకటైతే పదిహేను. మధ్యలో ఇంకో బస్సు మారాల్సి వస్తే మరో పదిహేను. శివారులో బస్సులు ఎందుకు తక్కువంటే అధికారుల బద్ధకం ఒక్కటే కారణం కాదు, ఇళ్ళు పల్చగా ఉంటే ఒక్కో స్టాపులో ఎక్కేవాళ్ళు తక్కువ, ఎక్కేవాళ్ళు తక్కువైతే బస్సులు తక్కువ, బస్సులు తక్కువైతే ఉన్న ఆ నలుగురూ బండ్లు కొనేస్తారు. దీనికి తోడు చివర మూసుకుపోయే వీధులు, ప్రహరీ గోడలు. ఎదురుగా మూడొందల మీటర్లలో కనబడే షాపుకి చుట్టూ తిరిగి కిలోమీటరున్నర నడవాలి, అదీ ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద.

అపోహ: శివారులో పచ్చదనం ఉంటుంది, కాబట్టి పర్యావరణానికి మేలు

చెట్లు కనబడతాయి, పొగ గొట్టం కనబడదు. అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో వేసిన లెక్క ప్రకారం అమెరికా ఇళ్ళ కర్బన ఉద్గారాల్లో దాదాపు సగం శివార్లవే. పెద్ద ఇళ్ళు, ఎక్కువ బండ్లు. పైపుల లెక్క ఇంకా తేలిక: రోడ్డుకి రెండు వైపులా యాభై చొప్పున వంద ఇళ్ళు, ఒక్కోదాని ముందు వెడల్పు 10 మీటర్లైతే అర కిలోమీటరు పైపు చాలు, 20 మీటర్లైతే కిలోమీటరు కావాలి. రోడ్డూ, డ్రైనేజీ, వీధి దీపాలూ అంతే.

అపోహ: శివారంటే ఉన్నవాళ్ళది (లేదా లేనివాళ్ళది)

ఏ నగరం అన్నదాన్ని బట్టి. అమెరికాలో శివారు అనగానే చాలాకాలం పచ్చిక, గ్యారేజీ గుర్తొచ్చేవి, పారిస్ శివార్లలో చాలాచోట్ల ప్రభుత్వ గృహ సముదాయాలు కనిపిస్తాయి. అదే పారిస్ పొలిమేర దాటగానే లా డెఫాన్స్ అనే పెద్ద ఆఫీసుల కేంద్రం కూడా ఉంది. శివారు ఒక్కటి కాదు.

అపోహ: సిటీలో ఉంటే అన్నీ కాళ్ళ దగ్గరే

ఇది మా ప్లానర్లు పెంచి పోషించిన అపోహ కాబట్టి నేనే చెప్పాలి. జనం కిక్కిరిసి ఉన్నంత మాత్రాన నడక సుఖం కాదు. దాటలేని రోడ్డు అవతల ఉన్న పార్కు మీకు లేనట్టే. మేము వాడే కొలత 400 మీటర్లు, అంటే ఐదు నిమిషాల నడక. ఆ కొలతకి సరితూగని సిటీ పేటలు బోలెడు, సరితూగే శివార్లూ ఉన్నాయి, ముఖ్యంగా రైలు స్టేషన్ చుట్టూ పెరిగినవి.

అందుకే ఎవరడిగినా నేను ఒక పని చేయమంటాను. పనిరోజున, మీరు బయల్దేరే వేళకే, ఆ కొత్త ఇంటి గుమ్మం దగ్గర నుంచి ఆఫీసుకి ఒకసారి వెళ్ళి రండి. ఇంకో రోజు ఇంట్లో బండి నడపని మనిషి వెంట, బస్సులో, వాళ్ళకి కావలసిన చోటికి వెళ్ళి రండి. రెండో ప్రయాణం చేసినవాళ్ళు నాకు తెలిసి చాలా తక్కువ.

మేము చేశాం. మా అమ్మతో కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళి రావడానికి మూడు గంటల పది నిమిషాలు పట్టింది. అయినా ఆ శివారు ఇంట్లోనే చేరాం, మా ఆవిడ ఉద్యోగం అక్కడే కాబట్టి. నా ప్రయాణం రోజుకి రెండు గంటలు, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. అమ్మ మాత్రం చెల్లెలి దగ్గర ఉంటానంది, సిటీలో, మూడో అంతస్తులో. ఇల్లు ఇరుకు, కానీ కిందకి దిగితే మందుల షాపు.