పాలమూరు విమానాశ్రయం: మలుపు 2004లోనే ఉంది

మహబూబ్‌నగర్‌కు విమానాశ్రయం కావాలన్న మాట మళ్లీ చర్చకు వచ్చింది. శంషాబాద్ అంత దగ్గర్లో ఉండగా మరొకటి ఎందుకని కొందరు, దేవరకద్ర పరిసరాల్లో స్థల పరిశీలన జరిగినా అడుగు ఎందుకు ముందుకు పడలేదని మరికొందరు అడుగుతున్నారు. బేగంపేట మూత, శంషాబాద్ ప్రారంభం అందరికీ తెలిసిన కథే. ఈనాటి వివాదానికి మూలం మాత్రం అంతకంటే ముందు, 2004 డిసెంబరు 20న కేంద్ర పౌర విమానయాన శాఖ శంషాబాద్ విమానాశ్రయాన్ని నిర్మించి నడిపే హైదరాబాద్ విమానాశ్రయ సంస్థతో చేసుకున్న ఒప్పందంలో ఉంది.

శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల గగనతల దూరంలో పోటీ విమానాశ్రయం రాకుండా, ప్రారంభమైన నాటి నుంచి 25 ఏళ్లపాటు ఆ ఒప్పందం రక్షణ కల్పించింది. మహబూబ్‌నగర్, నల్గొండ రెండూ ఆ వలయంలోనివే. 2008 మార్చిలో సేవలు మొదలయ్యాయి కాబట్టి గడువు 2033 దాకా ఉంది. ప్రయాణికుల సంఖ్యపై భరోసా లేకపోతే బ్యాంకులు అప్పివ్వవని సంస్థ చెప్పిన కారణంలో ఆనాడు నిజం ఉంది.

అయితే ఆ సంస్థ తన కాళ్లపై నిలబడటానికి ప్రజాధనం ఎంత తోడైందో కూడా చెప్పుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వం సుమారు 5,500 ఎకరాలను లీజుకిచ్చింది, 13 శాతం వాటా తీసుకుంది, రూ.107 కోట్ల గ్రాంటుతోపాటు రూ.315 కోట్లు వడ్డీ లేని అప్పుగా ఇచ్చింది. ఆ అప్పు తిరిగి చెల్లించడం సేవలు మొదలైన పదహారేళ్లకు, అంటే 2024లో, మొదలై ఐదు వాయిదాల్లో ముగియాలి. వాయిదాకు రూ.63 కోట్లు. దుబాయ్‌కో ముంబయికో పోయే పాలమూరు కూలీ టికెట్‌లో యూడీఎఫ్ (వాడకందారు అభివృద్ధి రుసుము) పేరిట కట్టే సొమ్ము కూడా ఆ విమానాశ్రయానికే చేరుతుంది.

150 కిలోమీటర్ల నిబంధన దాటరానిదేమీ కాదు. వరంగల్ మామునూరు విమానాశ్రయానికి సంస్థ సమ్మతించింది. 2024 నవంబరులో రాష్ట్రం 253 ఎకరాల సేకరణకు రూ.205 కోట్లు కేటాయించింది, 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఆమోదం తెలిపింది. మహబూబ్‌నగర్ విషయంలో అలాంటి సమ్మతి కోసం అంత గట్టిగా పట్టుబట్టినవారు లేరు.

సమ్మతి దొరికినా అసలు ప్రశ్న మిగులుతుంది. రన్‌వే వేయడం కంటే, తొలి ఏళ్ల నిర్వహణ నష్టాన్ని మోయడం కష్టం. చిన్న ఊళ్లకు విమానాలు నడిపించేందుకు కేంద్రం 2016లో తెచ్చిన ఉడాన్ పథకం ఎయిర్‌లైన్లకు మూడేళ్లపాటు లోటు భర్తీ ఇస్తుంది, అందులో ఐదో వంతు రాష్ట్రానిది. ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ 2023 నివేదిక ప్రకారం ఈ పథకం కింద కేటాయించిన 774 మార్గాల్లో 403 మొదలే కాలేదు. మూడేళ్లు పూర్తి చేసినవి 112, ఆ తర్వాతా నిలిచినవి 54. పక్కనున్న బీదర్‌లో సర్వీసు మొదలై, ఆగి, మళ్లీ మొదలైంది. నాగార్జునసాగర్‌కు ఇదే పథకం కింద కేటాయించిన నీటి విమాన సేవ నల్గొండ వాసులకు ఇంకా కాగితం మీదే ఉంది.

మూడేళ్ల సాయం ముగిశాక నిర్వహణ ఖర్చును ఎవరు భరిస్తారో తేలకుండా దేవరకద్ర రైతును భూమి అడగడం న్యాయం కాదు. శంషాబాద్ నుంచి తిరిగి వచ్చే రూ.315 కోట్లను ఈ విమానాశ్రయానికి తొలి పదేళ్ల నిర్వహణ నిధిగా కేటాయించవచ్చు. భూసేకరణ నోటీసు కంటే ముందు ఆ ఉత్తర్వు వెలువడాలి.