బడికి ఫీజు కాని రాబడి: అపోహలు – వాస్తవాలు

సొసైటీలు, ట్రస్టులు నడిపే ప్రైవేటు బడుల లెక్కలు చూసే పనిలో ఉన్నందువల్ల, ఫీజు బకాయిలు పేరుకుపోయిన ప్రతి ఏడాదీ కరస్పాండెంట్లు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: వేరే రాబడికి దారి ఏది? దారులు ఉన్నాయి గానీ, వాటి చుట్టూ అపోహలూ ఉన్నాయి.

అపోహ: సొసైటీ నడిపే బడి ఫీజు తప్ప మరే ఆదాయమూ పొందకూడదు.

వాస్తవం: పొందవచ్చు. విద్య లాభాపేక్షతో సాగరాదన్న సుప్రీంకోర్టే, 2002 నాటి టి.ఎం.ఎ. పాయ్ కేసులో, సంస్థ అభివృద్ధికి సముచితమైన మిగులు ఉండవచ్చని అంగీకరించింది. హద్దు ఎక్కడన్నది 2022 అక్టోబరులో న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో తేలింది. ఆదాయపు పన్ను మినహాయింపుపై సాగిన ఆ వివాదం మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినదే. తమ విద్యార్థులకు నడిపే బస్సు, హాస్టలు, పాఠ్యపుస్తకాల అమ్మకం విద్యకు అనుబంధమే. అయితే వాటికి విడిగా ఖాతా పుస్తకాలు రాయాలి.

అపోహ: సెలవుల్లో భవనం ఖాళీయే కనుక అద్దెకిస్తే వచ్చినదంతా మిగులే.

వాస్తవం: ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే. బయటి సంస్థ నడిపే శిక్షణకు గదులిచ్చి, అందులో బయటివారు చేరితే, ఆ రాబడి విద్యకు అనుబంధం కాదని అదే తీర్పు చెప్పింది. దీనికి తోడు జీఎస్టీ ఉంది. ఏడాదికి 80 లక్షల ఫీజు వచ్చే బడి, ఆదివారాల్లో హాలు అద్దెకిచ్చి లక్షన్నర సంపాదించిందనుకుందాం. లక్షన్నరే కదా అని ఊరుకోవడానికి లేదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు పెట్టిన ఏడాదికి 20 లక్షల పరిమితిని చూసేటప్పుడు పన్ను మినహాయింపు ఉన్న ఫీజును కూడా కలిపే లెక్కిస్తారు కనుక, రిజిస్ట్రేషన్ తీసుకుని ఆ అద్దెపై 18 శాతం పన్ను కట్టాలి. ఫీజుపై మాత్రం పన్ను పడదు. పెళ్లిళ్లకు గ్రౌండు ఇస్తే, సోమవారం ప్రేయరుకు ముందు విస్తరాకులు ఎత్తించే కూలి ఖర్చు అదనం.

అపోహ: అమెరికాలో ఉన్నా మన పూర్వ విద్యార్థే కనుక, అతని విరాళానికి అనుమతి అక్కర్లేదు.

వాస్తవం: ఉంటున్న దేశం కాదు, పౌరసత్వం ముఖ్యం. భారత పాస్‌పోర్టు ఉన్నవారు సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారికి ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా, వారి సొమ్ము విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతీ, స్టేట్ బ్యాంకు న్యూఢిల్లీ ప్రధాన శాఖలో ఖాతా కావాలి. పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఖాతా నంబరు పెట్టే ముందే ఈ సంగతి కనుక్కోవాలి.

అపోహ: కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ నిధులతో జీతాల లోటు పూడ్చుకోవచ్చు.

వాస్తవం: కంపెనీలు సాధారణంగా ల్యాబు, మరుగుదొడ్ల వంటి కంటికి కనిపించే పనులకే ఇస్తాయి. పైగా ఆ నిధులు తీసుకుని పని చేసే సంస్థకు 2021 ఏప్రిల్ నుంచి సీఎస్‌ఆర్-1 అనే ఫారంతో నమోదు తప్పనిసరి.

అపోహ: అడ్మిషన్ రోజు బిల్డింగ్ ఫండ్ పేరిట రసీదు ఇచ్చి తీసుకుంటే అది విరాళమే.

వాస్తవం: ప్రకటించిన ఫీజుకు మించి ఏ పేరుతో తీసుకున్నా 2009 విద్యాహక్కు చట్టం దృష్టిలో అది క్యాపిటేషన్ ఫీజే. తీసుకున్న మొత్తానికి పది రెట్ల దాకా జరిమానా పడవచ్చు.